పాక్ చెర నుంచి వచ్చిన మత్స్యకారుల మాట శాస్త్రీయ ఆధారమవుతుందా?

పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం:
2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. భారత్-పాక్ సంబంధాలపై పరిశోధనకు వారి మౌఖిక కథనాలను ఆధారంగా తీసుకోవచ్చునా, లేక 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలు మార్చుకునే ఖైదీల జాబితాలకే పరిమితం కావాలా?

గణాంకశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం:
జాబితాలే మేలు. విడుదలైనవారినే అడిగితే, ఇంకా జైలులో ఉన్నవారికీ వీరికీ తేడా ఏమిటో తేలదు. ఏ ఫలితానికి కారణం వెతుకుతున్నామో ఆ ఫలితం కనిపించిన ఉదంతాలనే ఏరుకోవద్దని రాజనీతి శాస్త్రవేత్తలు కింగ్, కొహేన్, వెర్బా 1994లోనే హెచ్చరించారు. పైగా ఇస్లామాబాద్‌లో నిర్ణయం ఎందుకు జరిగిందో కరాచీ జైలులో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది?

రాజనీతిశాస్త్ర ఉపన్యాసకురాలు, శ్రీకాకుళం:
మాస్టారూ, విడుదల ఎందుకు జరిగిందన్న ప్రశ్న వరకు మీ అభ్యంతరం సమంజసమే. అయితే జాప్యం ఎక్కడ జరిగిందన్నది వేరే ప్రశ్న. జాతీయత నిర్ధారణై, శిక్షాకాలం ముగిసిన నెలలోపు పంపించాలని ఆ ఒప్పందమే చెబుతోంది. ఆ నిర్ధారణ కోసం విచారణ చివరికి మన తీర గ్రామంలోని ఇంటి గుమ్మం దాకా రావలసిందే. ఎవరు వచ్చారు, ఆధార్ అడిగారా, రేషన్ కార్డు అడిగారా, ఎప్పుడు అడిగారు అన్నవి ఇంటివారు చెప్పగలరు, వాటిని రికార్డులతో సరిపోల్చనూ వచ్చు. పత్రికలకు అందే మొత్తం సంఖ్యలో ఇదేదీ కనిపించదు. గుజరాత్, సింధ్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే పాయపై వివాదం తేలక సముద్ర సరిహద్దే ఖరారు కానిచోట, పడవకు నాయకుడైన తండేలు ఏ లెక్కన దాన్ని నడుపుతాడో కూడా అతడినే అడగాలి. బయటి నుంచి వివరించడం, లోపలి నుంచి అర్థం చేసుకోవడం ఎప్పటికీ ఒక్కటి కాలేని రెండు కథలని హోలిస్, స్మిత్ అంతర్జాతీయ సంబంధాలపై రాసిన పుస్తకంలో 1990లో వాదించారు. నాకు పేచీ అక్కడే: ఈ ఉదంతంలో ఒకటి లేకుండా రెండోది అడుగు వేయదు.

గణాంకశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం:
అలాగైతే, అమ్మా, శాస్త్ర తత్త్వవేత్త కార్ల్ పాపర్ కోరిన క్రమశిక్షణ పాటించండి: ఏ సమాధానం వస్తే మీ ప్రతిపాదన వీగిపోతుందో ఊళ్లోకి వెళ్లకముందే రాసిపెట్టుకోండి. జాప్యానికి కారణం నిర్ధారణే అంటున్నారు. మరి పత్రాలు ముందుగా అందినవారూ ఆలస్యంగా అందినవారూ ఒకే రోజున విడుదలయ్యారని తేలితే ఆ మాట నిలవదు, అప్పుడు కారణాన్ని ప్రభుత్వాల నిర్ణయాల్లోనే వెతకాలి. విడుదల కానివారి కుటుంబాలనూ అవే ప్రశ్నలు అడిగితే నా మొదటి అభ్యంతరం చాలావరకు తీరుతుంది.