గాలివానకు కొండవాలు తోట చెదిరిపోయింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణదల అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, గుణదల కొండ వాలులో ఇల్లు. ఇంటి వెనక మా అమ్మ మెట్లు మెట్లుగా చదును చేయించి పెంచుకున్న తోట ఉంది. మొన్నటి గాలివానకు పై మెట్టు రాతికట్టు పొట్ట ఉబ్బి కూలింది. ఎర్రమట్టంతా మల్లె మడిలోకి దిగింది. మునగ సగానికి విరిగింది. వేప మొక్క వేళ్ళతో సహా ఒరిగినా ఆకు ఇంకా పచ్చగానే ఉంది. రోజూ పొద్దున్నే తోటంతా తిరిగే మనిషి, ఇప్పుడు పెరటి గుమ్మంలో కూర్చుని పైకి చూస్తోంది. మేస్త్రీ ఏమో సిమెంట్ గోడ లేపేద్దాం అంటున్నాడు. ముందు ఏం చేయాలి?

మొగల్రాజపురం మాస్టారు:
అమ్మా, తోట కంటే ముందు పైన కొండ సంగతి చూడండి. నేలలో కొత్త పగుళ్ళు, పక్కకు ఒరిగిన స్తంభాలు, కదిలిన బండలు కనిపిస్తే ఆ ఇంట్లో పడుకోవద్దు, వెంటనే కార్పొరేషన్ వాళ్ళకు చెప్పండి. 2024 ఆగస్టు 31న మా మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇప్పటికీ రాత్రిపూట జోరువాన పడితే నాకు నిద్ర పట్టదు.

అవేమీ లేకపోతే అప్పుడు రాతికట్టు సంగతి. అది ఉబ్బిందంటే వెనక నీళ్ళు నిలిచాయనే. మన కొండరాయి పైపొర మెత్తబడి మట్టవుతుంది, ఆ మట్టి నీళ్ళు తాగితే బరువెక్కి తోస్తుంది. నీళ్ళు బయటికి పోయే కంతలు వదలకుండా సిమెంట్ గోడ కడితే రేపు అదీ ఉబ్బుతుంది. నడుమెత్తు లోపయితే పడిన రాళ్ళతోనే పేర్పించండి. పెద్దవి అడుగున, గోడ కాస్త కొండవైపు వాలి ఉండాలి, వెనక జానెడు మందాన కంకర పోయాలి. అంతకంటే ఎత్తయితే ఇంజనీరుకు చూపించాల్సిందే. పై మెట్టుకు ఎగువన వాలుకు అడ్డంగా చిన్న కాలువ తీసి నీళ్ళను వీధి కాలువలోకి మళ్ళించండి, పక్కింటి గోడ మీదకు కాదు. కట్టు అంచున జానెడుకొక వట్టివేరు పిలక నాటండి. దాని వేళ్ళు పక్కలకు పాకవు, నిలువునా దిగి మట్టిని పట్టుకుంటాయి.

తాడేపల్లి నర్సరీ:
మాస్టారు చెప్పినట్టు చేయండి. చెట్ల మాట నేను చెబుతా. వేపను ఇవాళే చూసుకోండి అక్కా. బయటపడ్డ వేళ్ళ మీద తడి గోనెసంచి కప్పి, కొమ్మలు మూడో వంతు తీసేసి, నెమ్మదిగా లేపి మూడు గుంజలకు కట్టండి. తాడు ఒరుసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి. మునగకు టెన్షన్ వద్దు, విరిగిన చోటుకు కింద ఏటవాలుగా కోస్తే చిగురేస్తుంది. మల్లె మొదళ్ళ మీద పడ్డ మట్టి చేత్తోనే తీయండి, పార పెడితే వేళ్ళు తెగుతాయి.

గుణదల అమ్మాయి:
పైకెళ్ళి చూశాం, పగుళ్ళేమీ లేవు. నీళ్ళు మాత్రం సరిగ్గా మెట్లదారి వెంటే దిగిన జాడ ఉంది. అమ్మ నడిచేది ఆ దారినే.

మొగల్రాజపురం మాస్టారు:
అయితే కాలువ ఆ మెట్ల తల దగ్గరే తీయించండి. కదిలిన మెట్లు తిరిగి పాతేటప్పుడు గరుకు ముఖం పైకి పెట్టమనండి, ఒక పక్క పట్టుకోవడానికి పైపు వేయించండి. కొత్త మొక్కలు ఇప్పుడే కొనకండి. ఒక వాన పడనిచ్చి, నీళ్ళు ఎటు పోతున్నాయో పెరటి గుమ్మంలోంచి చూసుకుని అప్పుడు నాటండి. ఏ మొక్క ఎక్కడ పెట్టాలో అమ్మగారినే చెప్పనివ్వండి.

గుణదల అమ్మాయి:
మీరు రాసిందంతా అమ్మకు చదివి వినిపించాను మాస్టారూ. వట్టివేరు పిలకలు ఎక్కడ దొరుకుతాయని అప్పుడే అడుగుతోంది.

తాడేపల్లి నర్సరీ:
మా దగ్గరున్నాయి అక్కా. కట్టు పేర్చడం అయ్యాక చెప్పండి, తెచ్చిస్తా.