బోరు వెయ్యి అడుగులు దింపితే నీళ్లు పడతాయా?

ప్రశ్న (కల్యాణదుర్గం వైపు చీనీ రైతు):
అందరికీ నమస్కారం. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, చెట్లు కాపు మీద ఉన్నాయి. బోరు 600 అడుగులు. పోయిన ఏడాది దాకా రెండించులు పోసేది, ఇప్పుడు అరగంట పోసి గాలి కొడుతోంది. వెయ్యి అడుగులు దింపితే గ్యారంటీగా పడతాయని బోరు బండివాళ్లు అంటున్నారు. పక్క పొలంలో 900 అడుగుల్లో పడ్డాయి కూడా. ఇంట్లో ఒకటే టెన్షన్. అప్పు చేసి వేయించాలా, వద్దా?

జవాబు (భూగర్భజల సర్వేల్లో పనిచేసి రిటైరైన ఉద్యోగి):
అప్పు చేయకండి. గ్యారంటీ అన్నవాళ్లను నీళ్లు పడకపోతే అడుగుకింత చొప్పున డబ్బు వాపసు ఇస్తారేమో అడిగి చూడండి.

మన కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. పైన నలిగి మెత్తబడిన పొర, దాని కింద పగుళ్లు పట్టిన రాయి, ఆ కింద గట్టి బండ. నీళ్లు నిలిచేది ప్రధానంగా పై రెండింటిలోనే. హైదరాబాద్ పక్కన మహేశ్వరంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఇలాంటి రాతినే ఏళ్ల తరబడి పరిశీలించారు. అక్కడ నీళ్లు పారే గ్యాపుల్లో చాలా వరకు దాదాపు 40 మీటర్ల లోపే, అంటే 130 అడుగుల లోపే ఉన్నాయి. మీ చేలోనూ లెక్క అంతే అనను. కానీ లోతుకు పోయేకొద్దీ గ్యాపులు తగ్గుతాయనేది ఇక్కడా నిజమే. పక్కాయనకు 900లో ఏదో పగులు దొరికింది, సంతోషం. దానిలోకీ నీళ్లు పైనుంచే దిగాలి. మీరూ ఆ పగులునే కొడితే ఒకే కుండలో రెండు గరిటెలు పెట్టినట్టు.

ఇంకోటి, లోతు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ ఉండే అవకాశం ఉంది. ఆ నీళ్లు ఇంట్లో తాగేటట్టయితే తప్పకుండా పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ప్రశ్నించినవారు:
సరే సార్. మరి తోట ఎట్లా నిలబెట్టుకోవాలి? పాయింటు చూసే ఆయన కొబ్బరికాయతో తిరిగి ఇంకో చోట చూపించాడు.

జవాబు (అదే ఉద్యోగి):
కొబ్బరికాయ ఇంటికి తీసుకుపోయి పచ్చడి చేయించుకోండి. ముందు ఉన్న బోరు పరిస్థితి తెలుసుకోవాలి. రాత్రంతా మోటారు ఆపి, తెల్లారి స్విచ్ వేయకముందే టేపుకు బరువు కట్టి నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో కొలవండి. తర్వాత 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. అరగంటకే గాలి కొడుతోందంటే నీళ్లు ఊరే వేగం కన్నా మోటారు లాగే వేగం ఎక్కువ. టైమరు పెట్టి అరగంట తోడి, రెండు మూడు గంటలు ఆపి, తొట్టిలో నింపుకుని అక్కడి నుంచి డ్రిప్పుకు వదలండి. చిన్న మోటారు సరిపోతుందేమో కూడా చూడండి. ఈ ఏడాది కాయ కొంత తెంపేసి, పాదుల్లో శెనగపొట్టో ఎండాకో దట్టంగా పరవండి. కాపు పోతే పోయింది, చెట్టు బతకాలి.

జవాబు (నీటి లెక్కల కార్యక్రమంలో పనిచేసిన మహిళ):
అన్నా, మీ ఒక్క బోరుతో తేలే సమస్య కాదు ఇది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని రైతుల భూగర్భజల కార్యక్రమం నడిచింది. 2003 తర్వాత అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాల్లో చేశారు. రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని లెక్క వేసుకునేవారు. ఫలానా పంట వేయొద్దని ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క గోడ మీద కనబడేసరికి చాలామంది వాళ్లంతట వాళ్లే వరి తగ్గించారు.

లెక్క ఇలా ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. గ్రానైటు నేలల్లో అందులో పదో వంతు అటూఇటుగా కిందికి ఇంకుతుందని 1997 నాటి భూగర్భజల అంచనా కమిటీ లెక్క. వెయ్యెకరాల మీద అది సుమారు 22 కోట్ల లీటర్లు. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర 49 లక్షల లీటర్లు కావాలి. వెయ్యెకరాల్లో ఇంకిన నీళ్లతో పండేది 45 ఎకరాల వరి! సెకనుకు రెండు లీటర్లు పోసే బోరు రోజుకు 9 గంటల చొప్పున వంద రోజులు ఆడితే దాదాపు 65 లక్షల లీటర్లు లాగుతుంది. అలాంటివి 34 ఉంటే ఏడాది నీళ్లు అయిపోతాయి. మీ చుట్టుపక్కల వెయ్యెకరాల్లో బోర్లు ఎన్ని ఉన్నాయో చూడండి.

వ్యాఖ్య (అగ్రికల్చర్ బీఎస్సీ విద్యార్థి):
మేడమ్, వరి మడిలో పెట్టిన నీళ్లు కొంత మళ్లీ కిందికే దిగుతాయి కదా? పైగా డ్రిప్పు పెడితే సగం ఆదా అంటారు.

జవాబు (అదే మహిళ):
మంచి ప్రశ్న. మడిలోంచి తిరిగి ఇంకేది ఉంది, అదే కమిటీ లెక్కలో బోరు వరికి అది 45 శాతం దాకా ఉంటుంది. కానీ నీటి మట్టం 25 మీటర్ల కన్నా కిందికి పోతే 20 శాతమే. డ్రిప్పుతో ఆ తిరుగు నీరు ఇంకా తగ్గుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. డ్రిప్పు పెట్టి ‘నీళ్లు మిగిలాయి’ అని ఇంకో రెండెకరాల్లో అరటి వేస్తే బోరుకు మిగిలేదేముంది? ఎకరాలు పెంచకుండా ఉంటేనే డ్రిప్పు వల్ల నీళ్లు మిగులుతాయి. సబ్సిడీ కాగితాల్లో ఈ మాట ఎక్కడా రాయరు.

ప్రశ్నించినవారు:
మా దాంట్లో పాడుబడిన బోరు ఒకటుంది. వాన నీళ్లు అందులోకి పంపొచ్చా?

జవాబు (రిటైరైన ఉద్యోగి):
పంపొచ్చు గానీ చేలో పారే బురద నీళ్లు నేరుగా వద్దు. ఒండ్రు గ్యాపుల్లో ఇరుక్కుంటే ఇక ఆ బోరు దేనికీ పనికిరాదు, మందుల నీళ్లు ఊరి తాగునీటిలో కలిసే ప్రమాదమూ ఉంది. చుట్టూ గుంత తవ్వి అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక వేయండి. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి. పాత బావి ఉంటే అదే మేలు, పూడిక తీయడం సులువు.

ఒకవేళ ఎప్పుడైనా బోరు తప్పదనుకుంటే ముందు తహశీల్దారు ఆఫీసులో అనుమతి అడగండి. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా వేయడం 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కుదరదు. బండివాళ్లు ఈ సంగతి చెప్పరు. ఈలోపు టేపు కొలత, డ్రమ్ము సెకన్లు ఇక్కడ పెట్టండి, టైమరు ఎంతసేపు పెట్టాలో చూద్దాం.