ఈ గులాబీ రాయి కుంజైటా, టూర్మలినా? తెలిసినవాళ్లు చెప్పండి

మా అత్తయ్య ఇచ్చిన పాత లాకెట్‌లో లేత గులాబీ రంగు రాయి ఉంది, ఆవిడ కుంజైట్ అంటారు, కానీ కాగితాలేవీ లేవు. నిలువుగా పట్టి చూస్తే రంగు బాగా ముదురుగా కనిపిస్తుంది, పక్కకి తిప్పితే దాదాపు నీళ్లలా తెల్లగా అయిపోతుంది. కాబట్టి గాజు కాదని నా నమ్మకం.

మొదట మోర్గనైట్ (ఇదీ గులాబీ రంగు రత్నమే) అనుకున్నాను. రాయిని ఫ్రేమ్‌లోంచి తీయించి ఇంట్లో చిన్న కాటా మీద తూస్తే 6.3 గ్రాములు వచ్చింది, దారంతో నీళ్లలో వేలాడదీస్తే 4.3. 6.3ని ఆ రెండింటి తేడా 2.0తో భాగిస్తే సాంద్రత సుమారు 3.15. మోర్గనైట్‌ది 2.9 దాటదు కదా, అది పోయింది. కుంజైట్‌కి సరిపోతుంది, కానీ గులాబీ టూర్మలిన్ కూడా 3.06 దగ్గరే ఉంటుంది, నా కాటా 0.1 గ్రాము తేడాతో చూపిస్తుంది, అక్కడే ఇరుక్కుపోయాను.

వక్రీభవన గుణకం (రాయిలోకి వెళ్లిన కాంతి ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య) చూస్తే తేలిపోతుందట, కుంజైట్‌కి 1.66 నుంచి 1.68, టూర్మలిన్‌కి 1.62 నుంచి 1.64. నా దగ్గర ఆ పరికరం లేదు. గీసి చూడమని మాత్రం చెప్పకండి ప్లీజ్! అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే నారింజ రంగులో మెరిస్తే కుంజైట్ అని ఖాయం చేసుకోవచ్చా?

ఇంకో టెన్షన్, లోపల ఒక మూల అద్దంలా తళుక్కుమనే సన్నటి పగులు ఉంది. కుంజైట్ రెండు దిశల్లో సులువుగా చీలుతుంది కాబట్టి దీన్ని ఉంగరంలో పెట్టించడం పిచ్చిపనేనా? ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందంటారు, రోజూ వేసుకుంటే ఎంత త్వరగా తేడా తెలుస్తుంది? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.