పదిహేను రోజులు, ఆరు వందల యూరోలు, ఎనిమిది నగరాలు: రైలు పాసు కొనాలా?

కెమ్నిట్స్ నుంచి, విద్యార్థి:

అందరికీ నమస్కారం. అక్టోబరులో ఎం.ఎస్. చదవడానికి జర్మనీలోని కెమ్నిట్స్ వచ్చాను. మాది గుంటూరు జిల్లా. ఫిబ్రవరి 20తో పరీక్షలు అయిపోతాయి. మార్చి 10 నుంచి 25 దాకా రైళ్లలో యూరప్ చూడాలని నేనూ నా స్నేహితుడూ అనుకుంటున్నాం. ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, బార్సిలోనా, రోమ్, వెనిస్, వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్. ఒక్కొక్కరి దగ్గర ఆరు వందల యూరోలున్నాయి. మనవి భారతీయ పాస్‌పోర్టులు కాబట్టి, ఒకే టికెట్‌తో చాలా దేశాల రైళ్లు ఎక్కనిచ్చే యూరెయిల్ పాసు కొనాలని ఒక వీడియోలో చెప్పారు. కొనమంటారా? రాత్రులు రైళ్లలోనో స్టేషన్లలోనో గడిపేస్తాం, పడక ఖర్చు పెద్దగా ఉండదు. పెద్దలు సలహా చెప్పగలరు.

రేగెన్స్‌బుర్గ్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ వీడియో సంగతి. పాసుకు పాస్‌పోర్టు రంగుతో పని లేదు, నివాసంతో పని. యూరప్‌లో నివాసం ఉన్నవాళ్లకు ఇంటర్‌రెయిల్, బయటి నుంచి వచ్చేవాళ్లకు యూరెయిల్. నువ్విప్పుడు జర్మనీ నివాసివి కాబట్టి నీది ఇంటర్‌రెయిల్. 27 ఏళ్ల దాకా యువత ధర వర్తిస్తుంది. అయితే నివాసం ఉన్న దేశంలో ఆ పాసు మీద బయటికి వెళ్లడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే ప్రయాణించవచ్చు. ఈ నిబంధన చూసుకోకుండా కొని, తర్వాత నెత్తి పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక లెక్క. నెలలో ఏవైనా ఏడు రోజులు తిరిగే పాసు యువతకు సుమారు 280 యూరోల పైమాటే. దాంతో అయిపోయిందనుకోకు. పారిస్ వెళ్లే యూరోస్టార్, ఫ్రాన్స్‌లో టీజీవీ, స్పెయిన్‌లో, ఇటలీలో వేగంగా పోయే రైళ్లు, వీటన్నిటికీ పాసు ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. పాసున్నవాళ్లకు కోటా కూడా పరిమితమే. నీ జాబితాలో సగం దారి ఇలాంటి రైళ్లదే. మన సామెత ఉందిగా, అరకాసు పనికి ముప్పాతిక బాడుగ. పైగా బార్సిలోనా నుంచి రోమ్‌కు నేరుగా రైలు లేదు. మారుతూ మారుతూ పోవాలి. నీ పదిహేను రోజుల్లో దాదాపు రెండు రోజులు అదొక్కటే మింగేస్తుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వేరే ఉంది. అందరూ రైలు టికెట్ చుట్టూ తిరుగుతారు, డబ్బు పోయేది మాత్రం పడక దగ్గర. హాస్టల్లో ఎనిమిదిమంది పడుకునే గదిలో ఒక మంచం ముప్పై యూరోలు అనుకో. పద్నాలుగు రాత్రులకు 420. మిగిలేది 180. ఇందులో రైలు, తిండి, ఊళ్లో ట్రాములు, మ్యూజియం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ముప్పైకి మంచం దొరకడం కూడా కష్టమే. ప్రాగ్, బుడాపెస్ట్‌లలో అంతకంటే తక్కువకే దొరుకుతుంది. అందుకని పాసు కొనాలా వద్దా అన్నది తర్వాత. ఎన్ని రాత్రులు, ఏ ఊళ్లలో అన్నది ముందు తేల్చుకో.

వియన్నా నుంచి:

బాబూ, స్టేషన్లో పడుకుంటాం అన్నావు చూడు, అక్కడ నాకు గుండె ఆగినంత పనైంది. విజయవాడ స్టేషన్ అనుకున్నావా, అర్ధరాత్రి రెండు గంటలకు కూడా ఇడ్లీ, టీ దొరకడానికి? ఇక్కడ చాలా స్టేషన్లు రాత్రిపూట తలుపులు మూసేస్తారు. పారిస్‌లోని గార్ దు నోర్ లాంటి పెద్ద స్టేషన్ కూడా రాత్రి కొన్ని గంటలు మూతే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బయట నిలబడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

రాత్రి రైలు మంచిదే, మేమూ ఎక్కుతాం. కానీ సీటు బోగీలో కూర్చుని రాత్రంతా వెళితే మర్నాడు పగలంతా ఏ పార్కు బల్ల మీదో నిద్రపోతారు. అప్పుడు చూసేది ఏముంది? పడుకునే బెర్తులు కూడా ఉంటాయి, మన స్లీపర్ క్లాసు లాగా ఒక గదిలో నలుగురో ఆరుగురో. నెలన్నర ముందు చూస్తే హాస్టల్ మంచం కంటే కొంచెం ఎక్కువ ధరకు దొరుకుతాయి. ఊరు మారడం, పడక రెండూ అందులోనే గిట్టుబాటు. పదిహేను రోజుల్లో అలాంటిది ఒక్కటి చాలు.

జ్యూరిక్ నుంచి:

రేగెన్స్‌బుర్గ్ అన్నగారు పాసును మరీ తీసిపారేశారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియంలలో చాలావాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. పొద్దున లేచి వాన పడుతోందా చూసుకుని, ఎండ ఉన్న ఊరికి పోవచ్చు. స్విట్జర్లాండ్‌లో మామూలు టికెట్ల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, ఇక్కడ మాత్రం నాలుగు రోజుల పాసుతో డబ్బు తిరిగొస్తుంది.

ఒక్కటి చెబుతాను. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అని అద్దాల పైకప్పు రైలు ఫొటోలు చూసి ఉంటారు. దానికి పాసు మీద కూడా అదనంగా కట్టాలి. అవే పట్టాల మీద సెయింట్ మోరిట్స్ నుంచి ఇటలీలోని తిరానో దాకా గంటకొకటి చొప్పున మామూలు రైలు పోతుంది, దానికి అదనం లేదు. కొన్ని బోగీల్లో కిటికీ కిందికి దిగుతుంది కాబట్టి ఫొటోలు కూడా బాగా వస్తాయి. 2,253 మీటర్ల ఎత్తుకు పళ్లచక్రం లేకుండా ఎక్కుతుంది. దిగేటప్పుడు బ్రూసియో దగ్గర వంతెన మీద గుండ్రంగా తిరిగి, ఆ వంతెన కిందనుంచే దూరి బయటపడుతుంది. 2008 నుంచి ఆ మార్గం యునెస్కో జాబితాలో ఉంది. ఈసారి కాకపోయినా ఎప్పుడైనా వెళ్లండి.

స్టుట్‌గార్ట్ నుంచి:

అందరూ టికెట్ల గురించి చెబుతున్నారు, ఒక మాట అడగడం మరిచారు. బాబూ, నీ నివాస కార్డు చేతికి వచ్చిందా? నువ్వు వచ్చిన వీసా ఎప్పటి వరకు?

కెమ్నిట్స్ నుంచి, విద్యార్థి:

కార్డు ఇంకా రాలేదండీ. దరఖాస్తు ఇచ్చాను, ఏప్రిల్‌లో రమ్మన్నారు. వీసా మార్చి 12 దాకా ఉంది.

స్టుట్‌గార్ట్ నుంచి:

అనుకున్నాను. అంటే నువ్వు మూడో రోజున ఎక్కడో ఫ్రాన్స్‌లో ఉండగా వీసా అయిపోతుంది. చెల్లుబాటులో ఉన్న జర్మన్ వీసాతో మిగతా షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజులు తిరగవచ్చు, చిక్కు లేదు. అది అయిపోయాక కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక కాగితం సంగతి వేరు. అందులో ఏ గడికి గుర్తు పెట్టారన్నదాన్ని బట్టి తిరిగి రానిస్తారా లేదా అన్నది ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని సరిహద్దు దాటే ముందు విదేశీయుల కార్యాలయాన్ని అడగకుండా అడుగు బయట పెట్టవద్దు. షెంగెన్ కదా, ఎవరు చూస్తారులే అనుకోకు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. రైల్లో పోలీసులు ఎక్కి పాస్‌పోర్టు అడుగుతారు. ఫోనులో ఫొటో చూపిస్తే కుదరదు, అసలుదే ఉండాలి.

మార్చి వదిలేసి ఫిబ్రవరి 22న బయలుదేరి, మార్చి 5కల్లా జర్మనీలో ఉండు. కార్డు వచ్చాక పారిస్ ఎక్కడికీ పోదు.

రేగెన్స్‌బుర్గ్ నుంచి:

స్టుట్‌గార్ట్ వారు అడిగిందే అసలు ప్రశ్న. నాకు తట్టనే లేదు, సిగ్గుపడుతున్నాను. సరే, పదకొండు పన్నెండు రోజులకు పాసు లేకుండా ఒక దారి చెబుతాను.

మీ విశ్వవిద్యాలయం రుసుములో డాయిచ్‌లాండ్ టికెట్ కలిసి ఉందేమో చూసుకో. చాలాచోట్ల విద్యార్థులకు తక్కువ ధరకు వస్తుంది. విడిగా అయితే నెలకు 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63. ప్రాంతీయ రైళ్లు, ఊళ్లో బస్సులు, ట్రాములు అన్నీ అందులోనే. ఐసీఈ, ఐసీ, ఈసీ అని రాసి ఉన్న దూరప్రాంత రైళ్లు మాత్రం ఎక్కకూడదు. టికెట్ లేకుండా పట్టుబడితే 60 యూరోల జరిమానా. టీసీని బతిమాలుకోవడం, అక్కడికక్కడే సర్దుకోవడం ఇక్కడ ఉండవు.

ఆ టికెట్‌తోనే డ్రెస్‌డెన్, అక్కడి నుంచి లోకల్ రైల్లో ఎల్బే నది పక్కనే బాడ్ షాండావ్. దారిలో రాటెన్‌లో దిగి, పడవలో నది దాటి బాస్టాయ్ రాళ్లు ఎక్కి రండి. బాడ్ షాండావ్ నుంచి ప్రాగ్‌కు మాత్రం టికెట్ కొను. చెక్ రైల్వే సైటులో చూడు, అదే రైలుకు చాలాసార్లు తక్కువ ధర కనిపిస్తుంది. ప్రాగ్‌లో మూడు రాత్రులు. అక్కడి నుంచి నాలుగు గంటల్లో వియన్నా. వియన్నాలో మూడు రాత్రులు, బుడాపెస్ట్‌లో మూడు. తిరుగు ప్రయాణంలో వియన్నా మీదుగా సాల్స్‌బుర్గ్. ముందుగా కొంటే ఈ టికెట్లు ఒక్కోటి ఇరవై యూరోల అటూ ఇటూ దొరుకుతాయి. చవక టికెట్ ఆ రైలుకే చెల్లుతుంది, తర్వాతి రైలు ఎక్కకూడదు, అది గుర్తుంచుకో. సాల్స్‌బుర్గ్ స్టేషన్ దాకా ప్రాంతీయ రైళ్లలో డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది కాబట్టి అక్కడి నుంచి ఇంటిదాకా ఖర్చు లేదు. మ్యూనిక్, హోఫ్ మీదుగా రోజంతా పడుతుంది.

ఆ హోఫ్ దారి అంటే నాకు ఒక ఆదివారం గుర్తొస్తుంది. మ్యూనిక్‌లో ఎక్కి, బోగీ వెచ్చగా ఉండటంతో హాయిగా నిద్రపోయాను. నేను వెళ్లిన రోజుల్లో ఆ రైలు ష్వాన్‌డోర్ఫ్‌లో రెండుగా విడిపోయేది. ముందు సగం ఒక దారి, వెనక సగం ఇంకో దారి. జర్మన్‌లో ప్రకటన చేసే ఉంటారు, నేను నిద్రలో ఉన్నాను. కళ్లు తెరిచేసరికి ఫుర్త్ ఇమ్ వాల్డ్, చెక్ సరిహద్దు ఊరు. బేకరీ మూసి ఉంది. ప్లాట్‌ఫారం మీద నేను, ఒక పిల్లి. రెండు గంటలు ఆగి వెనక్కి వచ్చాను. బోగీ తలుపు పక్కన ఉండే చిన్న తెర మీద ఆ బోగీ ఎక్కడికి పోతుందో రాసి ఉంటుంది. రైలు పేరు చూసి ఎక్కకండి, బోగీ చూసి ఎక్కండి.

ఆలస్యం గురించి ఒక్క మాట. గమ్యం చేరడానికి గంట ఆలస్యమైతే టికెట్ ధరలో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం తిరిగి ఇవ్వాలన్నది యూరోపియన్ నిబంధన. టికెట్ దాచుకుని అడగండి.

వియన్నా నుంచి:

ప్రాగ్‌లో ట్రాము, మెట్రో కాగితపు టికెట్ కొంటే సరిపోదు, ట్రాములో అయితే ఎక్కగానే, మెట్రోలో అయితే స్టేషన్ లోపలికి వెళ్లేటప్పుడే యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే. అక్కడ యూరోలు కాదు, కొరునాలు. హంగరీలో ఫోరింట్లు. డబ్బు మార్చే కొట్ల వైపు చూడకండి. కార్డు వాడండి, యంత్రం ఏ కరెన్సీలో అని అడిగితే అక్కడి కరెన్సీనే నొక్కండి. మా ఊళ్లో పెద్ద స్టేషన్లు రెండు, హాప్ట్‌బాన్‌హోఫ్, వెస్ట్‌బాన్‌హోఫ్. సాల్స్‌బుర్గ్ వైపు చవకగా నడిచే ప్రైవేటు రైలు వెస్ట్‌బాన్‌హోఫ్ నుంచి బయలుదేరుతుంది. టికెట్ మీద పేరు చదవకుండా పరుగెత్తవద్దు.

కెమ్నిట్స్ నుంచి, విద్యార్థి:

అన్నా, అక్కా, అందరికీ చాలా చాలా ధన్యవాదాలు. ఫిబ్రవరి 22 ఖాయం చేశాం. ప్రాగ్, వియన్నా హాస్టళ్లలో మంచాలు పట్టుకున్నాం, రెండింటికీ వంటగది ఉంది. మా టికెట్ కూడా సెమెస్టర్ రుసుములోనే ఉందట, ఇన్నాళ్లూ తెలియలేదు! మా అమ్మ పంపిన ఆవకాయ ఒక సీసా ఉంది, రైల్లో తీసుకెళ్లనిస్తారా?

వియన్నా నుంచి:

విమానం కాదుగా, రైల్లో ఎన్ని సీసాలైనా తీసుకెళ్లు. కానీ నూనె కారుతుంది. మూత కింద ప్లాస్టిక్ కాగితం పెట్టి బిగించి, రెండు సంచుల్లో చుట్టి, బట్టల బ్యాగులో కాకుండా విడిగా పట్టుకో. బోగీలో మాత్రం మూత తీయకు, హాస్టల్‌కు వెళ్లాక తిను. మా ఊరు వచ్చినప్పుడు ఒక పూట మా ఇంటికి రండి, పప్పు నేను వండుతాను. సీసా మరిచిపోకుండా తీసుకురండి.