లెన్స్ షార్ప్‌నెస్ ఇంట్లో పరీక్షించడం ఎలా?

కోరంగి_పిట్టలు:
డీఎస్ఎల్ఆర్‌కి సెకండ్‌హ్యాండ్ 70-300 (మి.మీ.) జూమ్ లెన్స్ కొన్నాను. కోరంగి మడ అడవుల్లో కొంగల్ని తీస్తే ఈకలు అలికేసినట్టు వస్తున్నాయి. ఈ వారంలోపైతే షాపువాళ్లు వాపసు తీసుకుంటారు. లోపం లెన్స్‌దేనని ఎలా తేల్చుకోవాలి?

లంకగాలి:
పిట్టల ఫొటోలతో తేలదండీ. పిట్ట కదులుతుంది, పడవ ఊగుతుంది. దినపత్రికలో క్లాసిఫైడ్స్ పేజీని గోడకి ముడతల్లేకుండా అంటించి తీయండి. ఒత్తులు, గుడులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో ఇట్టే తెలుస్తుంది. ట్రైపాడ్ వాడి, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పెద్దది చేసి చూస్తూ ఫోకస్ చేయండి. జూమ్ 300 దగ్గర పెట్టి ఎఫ్/5.6 నుంచి 16 దాకా వరసగా తీయండి (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ లోపలి రంధ్రం చిన్నదవుతుంది). 5.6లో కాస్త మెత్తగా (అంచులు తేలకుండా) ఉండి 8కి తేరుకుంటే ఈ రకం లెన్సులకి మామూలే. 16లో మళ్లీ మెత్తబడితే అది డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్తూ వెలుతురు చెదరడం), ఏ లెన్సుకైనా తప్పదు.

కొబ్బరితోట:
ముందు కెమెరా గోడకి సమాంతరంగా ఉండాలి. పేపర్ మధ్యలో చిన్న అద్దం గోడకి ఆనించి, అందులో మీ లెన్స్ ఫ్రేమ్ నడిమధ్యకి వచ్చేదాకా ట్రైపాడ్ సర్దండి. ఇది చూసుకోకుండా ‘ఎడమ మూల బ్లర్’ అంటూ మంచి లెన్సులు వాపసిచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

రాజమండ్రి_గట్టు:
మూలల సంగతి నేను ఆర్చ్ బ్రిడ్జి మీద చూస్తాను. పుష్కర ఘాట్ నుంచి దూరంగా ఉన్న ఒకే ఆర్చిని ఫ్రేములో నాలుగు మూలలకీ తెచ్చి తీయాలి, ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేసి. ఒక్క మూలే పాడైతే లోపల గాజు పక్కకి జరిగిందన్నమాట. ఎండెక్కకముందే వెళ్లండి. ఇసుక మేటలు వేడెక్కాక గాలి అలలాడుతుంది, ఎంత ఖరీదైన లెన్సయినా మసకే. కొంగల్ని మధ్యాహ్నం తీశారా?

కోరంగి_పిట్టలు:
లేదండీ, పొద్దున్నే. పేపర్ పరీక్ష చేశాను. లైవ్ వ్యూలో ఎఫ్/8కి ప్రతి ఒత్తూ స్పష్టంగా ఉంది, మూలలన్నీ సమానం. వ్యూఫైండర్‌లో చూసి ఫోకస్ చేస్తే మాత్రం అదే పేపర్ మెత్తగా వస్తోంది.

లంకగాలి:
అయితే గాజు బాగానే ఉంది. వ్యూఫైండర్‌లో చూసి తీసినప్పుడే ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోంది. స్కేలుని ఏటవాలుగా నిలబెట్టి మధ్య గీత మీద ఫోకస్ చేస్తే ఎటు జరిగిందో కనిపిస్తుంది. మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్ సర్దుబాటు) ఉంటే మీరే సరిచేసుకోవచ్చు, లేకపోతే సర్వీస్ సెంటర్‌కే.

కొబ్బరితోట:
గడువు దాటకముందు ఇంకొకటి. చీకట్లో లెన్స్ వెనక నుంచి టార్చ్ వేయండి. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్. మన తేమకి పెరుగుతూనే ఉంటుంది. అదే ఉంటే, షార్ప్‌గా ఉన్నా సరే వెనక్కిచ్చేయండి.