హార్మోన్ల బ్యాలెన్స్: రక్తం ఎప్పుడివ్వాలి, మందుల్లేకుండా నిజంగా మారేవి ఏవి?

వెన్నెలవాగు (ప్రశ్న)

నీరసం, జుట్టు రాలడం, నెలసరి వెనకాముందు కావడం, నిద్ర పట్టకపోవడం... ఏది చెప్పినా "హార్మోన్ల ఇంబ్యాలెన్స్" అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. ఒంట్లో ఇన్ని హార్మోన్లుంటే, తప్పింది ఏదో తెలియకుండా అన్నిటికీ ఒకే చిట్కా ఎలా పనిచేస్తుంది? తెలిసినవాళ్లు రెండు సంగతులు వివరంగా చెప్పండి. పరీక్ష చేయిస్తే రక్తం ఎప్పుడివ్వాలి? తిండి, నిద్ర, వ్యాయామంతో నిజంగా మారే హార్మోన్లు ఏవి, ఎంత చేస్తే మారతాయి? "ఒత్తిడి తగ్గించుకోండి" లాంటి గాలి మాటలు వద్దండి, లెక్కలు కావాలి.

ల్యాబ్‌బల్ల

హార్మోన్లు రోజంతా ఒకే మట్టంలో ఉండవు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. కార్టిసాల్ (కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్) ఉదయం 8 ప్రాంతంలో ఎక్కువగా ఉండి అర్ధరాత్రికి అడుగంటుతుంది. సాయంత్రం 4కి తీసిన రక్తాన్ని ఉదయపు రేంజ్‌తో పోల్చి "అడ్రినల్ అలసిపోయింది" అని భయపెట్టేవాళ్లను నమ్మకండి. అలాంటి జబ్బును ఎండోక్రైనాలజీ గుర్తించలేదు.

టెస్టోస్టిరాన్‌కి పరగడుపున, 7 నుంచి 10 గంటల మధ్య ఇవ్వాలి. తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్ (మొదటి రెండూ అండాశయాన్ని నడిపే మెదడు సంకేతాలు, మూడోది అండాశయపు హార్మోన్) నెలసరి మొదలైన 2–4వ రోజుల్లో ఇవ్వాలి. ఎక్కువమంది పొరబడేది ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) దగ్గర. అందరూ చెప్పే "21వ రోజు" 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకే సరిపోతుంది. 35 రోజులకోసారి వచ్చేవాళ్లు 28వ రోజున ఇవ్వాలి, అంటే వచ్చే నెలసరికి 7 రోజుల ముందు. లెక్క తప్పి ముందే ఇస్తే, అండం బాగానే విడుదలవుతున్నా కావట్లేదని రిపోర్టు చెబుతుంది.

ఇంకొకటి, జుట్టుకీ గోళ్లకీ వాడే బయోటిన్ మాత్రలు. రోజుకి కావలసింది 30 మైక్రోగ్రాములు. ఈ మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 160 రెట్ల పైమాటే. చాలా మెషీన్లలో పరీక్షకి పట్టు దొరికేదే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాల అతుకు మీద. రక్తంలో ఉన్న బయోటిన్ ముందే వెళ్లి ఆ చోట్లు ఆక్రమిస్తుంది. అప్పుడు టీఎస్‌హెచ్‌ని (థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోన్) పట్టుకున్న యాంటీబాడీలు అతుక్కోక కడిగేటప్పుడు కొట్టుకుపోతాయి, అంకె తక్కువగా వస్తుంది. టీ4, టీ3 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లు) పరీక్షలు తిరగేసిన పద్ధతిలో నడుస్తాయి కాబట్టి అవి ఎక్కువగా వస్తాయి. రెండూ కలిపి చూస్తే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టు, అచ్చం హైపర్‌థైరాయిడ్ రిపోర్టే! కనీసం 2 రోజుల ముందు ఆపండి. మోతాదు ఇంకా పెద్దదైతే ఎక్కువ రోజులు కావాలి. ఏం వాడుతున్నారో ల్యాబ్‌కి ముందే చెప్పండి.

కండబలం

రెండో ప్రశ్నకి వస్తాను. అలవాట్లతో అన్నిటికంటే బాగా దారికొచ్చేది ఇన్సులిన్. దాని వెనకే ఇంకొన్ని సర్దుకుంటాయి. ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే, లివర్ ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని తక్కువ చేస్తుంది. టెస్టోస్టిరాన్‌ని పట్టి ఉంచేది ఆ ప్రొటీనే. అది తగ్గితే విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. పైగా టెస్టోస్టిరాన్ ఎక్కువ తయారుచేయమని ఇన్సులిన్ అండాశయాన్ని కూడా పురిగొల్పుతుంది. పీసీఓఎస్‌లో (అండం విడుదల సరిగా జరగక, మగ హార్మోన్లు పెరిగే సమస్య) మొటిమలకీ, గడ్డం మీద వెంట్రుకలకీ, తప్పిన నెలసరికీ చాలామందిలో ఇదొక పెద్ద కారణం.

కండ కదిలినప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. అందుకే భోంచేసిన అరగంటలోపు 10–15 నిమిషాల నడక అంత పనిచేస్తుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులతో వ్యాయామం పెట్టుకోండి. తొడలు, పిరుదులు, వీపు లాంటి పెద్ద కండరాలకి పని చెప్పండి, గ్లూకోజ్ ఎక్కువగా పోయేది వాటిలోకే. అధిక బరువుతో పీసీఓఎస్ ఉన్నవాళ్లలో 5–10 శాతం తగ్గినా నెలసరి గాడిలో పడే అవకాశం ఉంది.

కానీ దీనికి అవతలి గట్టు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. తిండి బాగా తగ్గించి వ్యాయామం పెంచితే మెదడు ఎల్‌హెచ్ సంకేతాలు తగ్గించేస్తుంది, నెలసరి ఆగిపోతుంది, ఎముక పలచబడుతుంది. సన్నగా ఉండి నెలసరి ఆగినవాళ్లకి "ఇంకా డైట్ చేయండి" అని సలహా ఇవ్వడం అన్యాయం. వాళ్లకి మందు తిండే.

నిద్ర సంగతి: ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని వారం పాటు రాత్రికి 5 గంటలే పడుకోనిస్తే, పగటి టెస్టోస్టిరాన్ 10–15 శాతం పడిపోయిందని 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. ఏడు గంటలకి తగ్గకండి.

వెన్నెలవాగు

ఇద్దరికీ చాలా థ్యాంక్సండి. ఇంకొక్క అనుమానం. థైరాయిడ్ మాత్ర మానకుండా వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఒకసారి 2, ఇంకోసారి 9 వస్తుంటే లోపం ఎక్కడున్నట్టు?

మాత్రలపెట్టె

చాలాసార్లు మోతాదులో కాదండి, మాత్ర ఒంటికి పట్టడంలో. లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ తక్కువైతే ఇచ్చే టీ4 మాత్ర) పరగడుపున మామూలు నీళ్లతో వేసుకుని 30–60 నిమిషాలు ఆగాలి. కాఫీ కూడా ఆ తర్వాతే. ఐరన్, క్యాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి మందుని పేగులోనే పట్టేసుకుంటాయి. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనమైన 3 గంటలకి వేసుకోవచ్చు, కాకపోతే రోజూ అదే పద్ధతి.

మోతాదు మార్చిన రెండు వారాలకే పరీక్ష చేయించడం ఇంకో తప్పు. టీ4 సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది, టీఎస్‌హెచ్ కుదురుకోవాలంటే 6–8 వారాలు ఆగాలి. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి.

సహజం కదా అని సముద్రపు నాచు మాత్రలు కలపకండి. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. అంతకు ఎన్నో రెట్లు ఒక్కసారిగా పడితే, అప్పటికే దెబ్బతిన్న థైరాయిడ్ ఇంకా నెమ్మదించవచ్చు. అశ్వగంధ కూడా టీ4, టీ3 అంకెల్ని పైకి నెట్టగలదు, లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు.

ల్యాబ్‌బల్ల

అలవాట్లతో సరిపెట్టుకోకూడనివి కొన్ని చెబుతాను. గర్భం లేకుండా మూడు నెలలు నెలసరి రాకపోవడం. పాలిచ్చే తల్లి కాకపోయినా రొమ్ము నుంచి పాలు రావడం, దానికి తోడు తలనొప్పి, పక్కచూపు తగ్గడం. విపరీతమైన దాహంతో బరువు తగ్గిపోవడం. చర్మం నల్లబడుతూ, లేవగానే కళ్లు తిరుగుతూ, ఉప్పు మీదికి మనసు పోవడం. వీటికి ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. స్టెరాయిడ్ మాత్రలు వారాల తరబడి వాడినవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. అప్పటికి అడ్రినల్ గ్రంథి నిద్రపోయి ఉంటుంది, ప్రాణాల మీదికి రావచ్చు. డాక్టరే మోతాదు మెల్లగా దించుతారు.