సాయంత్రం పూట మాత్రమే మొరాయిస్తున్న వంటింటి ట్యూబ్‌లైట్

ప్రశ్న (అమలాపురం దగ్గర పల్లె నుంచి):
అందరికీ నమస్కారం. అమ్మావాళ్ల వంటింట్లో నాలుగడుగుల ట్యూబ్‌లైట్ ఉంది. పాత ఇనుప పట్టీ, స్టార్టర్ ఉండే రకం. పొద్దున స్విచ్ వేస్తే రెండు మిణుకులకే వెలుగుతుంది. సాయంత్రం ఏడు దాటిందంటే మాత్రం పది పన్నెండుసార్లు మినుక్కుమంటుంది, ఒక్కోరోజు నిమిషం పైనే కొట్టుకుంటుంది. అమ్మ స్విచ్ వేసేసి, అది వెలిగేలోపు పెరట్లో బియ్యం కడుక్కుని వస్తుంది. స్టార్టర్ రెండుసార్లు మార్చాను. కొత్త ట్యూబ్ వేస్తే నాలుగు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. హాల్లో ట్యూబ్ మాత్రం టక్కున వెలుగుతుంది. షాపతను చోక్ (పట్టీలో ఉండే తీగచుట్ట డబ్బా) మార్చేయమంటున్నాడు. మార్చెయ్యనా?

జవాబు (వైరింగ్ పని చేస్తాను, వరంగల్):
తమ్ముడూ, కాస్త ఆగు. చోక్ పాడైతే పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండదు. మాడు వాసన రావడమో, ట్యూబ్ అసలే వెలగకపోవడమో, కొత్త ట్యూబులు వెంటవెంటనే మాడిపోవడమో జరుగుతుంది.

స్టార్టర్ డబ్బా ఊడదీస్తే లోపల చిన్న గాజు బుడ్డి కనిపిస్తుంది. స్విచ్ వేయగానే అందులోని వాయువు వెలిగి, ఆ వేడికి లోపలి లోహపు రేకు వంగి రెండోదానికి అంటుకుంటుంది. అప్పుడు కరెంటు ట్యూబ్ రెండు చివర్లలోని ఫిలమెంట్ల గుండా పారి వాటిని కాగబెడుతుంది. రేకు చల్లారి విడిపోగానే చోక్ ఒక్కసారిగా కొన్ని వందల వోల్టుల దెబ్బ కొడుతుంది. దానికి ట్యూబ్ అంటుకోవాలి. అంటుకోకపోతే మళ్లీ మొదటికే. మీ అమ్మగారు చూసే ఒక్కో మిణుకూ అలా తప్పిపోయిన ఒక్కో దెబ్బ. వోల్టేజీ తగ్గితే ఫిలమెంట్లు సరిగా కాగవు, దెబ్బలోనూ బలం ఉండదు.

మూడు సంగతులు చూసి చెప్పు. ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద రాత్రి ఏడున్నరకి ఎంత చూపిస్తోంది? హాల్లో పట్టీకి స్టార్టర్ ఉందా, లేదా? కొత్త ట్యూబ్ చివర్లు నల్లబడ్డాయా?

అడిగినవారు:
అన్నా, పొద్దున 225 ఉంది. రాత్రి ఏడున్నరకి 178. హాల్లో పట్టీకి స్టార్టరే లేదు! ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉండి నేను గమనించనేలేదు. కొత్త ట్యూబ్ ఒక చివర అప్పుడే బూడిద రంగు తిరిగింది.

జవాబు (గృహిణి, ఆదిలాబాద్):
మా ఇంట్లోనూ ఈ బాధ ఉండేది, కాకపోతే చలికాలం తెల్లవారుజామున. చలికి ట్యూబ్ లోపల పాదరసం ఆవిరి తగ్గి త్వరగా అంటుకోదట. మీకు ఆ గొడవ లేదు గానీ, వంటింటి ట్యూబ్ కదా, హోల్డర్లు ఒకసారి చూడండి. పోపు పొగ జిడ్డు, దాని మీద దుమ్ము కలిసి పిన్నుల దగ్గర బంకలా పేరుకుంటుంది. మాది ట్యూబ్‌ని కాస్త అటూ ఇటూ తిప్పితే వెలిగేది. పిన్నులు ఉప్పుకాగితంతో రుద్దాక ఆ తిప్పడం తప్పింది. మా చిన్నోడికి ఏదైనా ఆలస్యంగా అర్థమైతే ట్యూబ్‌లైట్ అని ఏడిపించేవాళ్లం, ఇప్పుడు వాడు “ముందు నా పిన్నులు రుద్దండి” అంటాడు.

జవాబు (వరంగల్):
అక్క చెప్పింది నిజం, అదీ చూడాల్సిందే. కానీ 178 అన్నావంటే అసలు దొంగ దొరికినట్టే. హాల్లో ఉన్నది ఎలక్ట్రానిక్ చోక్. దానికి స్టార్టర్ అక్కర్లేదు, తక్కువ వోల్టేజీలోనూ వెలిగిస్తుంది. వంటింట్లో అన్నిసార్లు కొట్టుకున్నప్పుడల్లా ఫిలమెంట్ మీది పూత కొంచెం కొంచెం రాలిపోతుంది. ఆ రాలిందే చివర్లో నలుపు. ఇలాగే వదిలేస్తే ఎన్ని కొత్త ట్యూబులు వేసినా తినేస్తుంది.

ఎలక్ట్రానిక్ చోక్ వేయించు. ఎంత వోల్టేజీ దాకా పనిచేస్తుందో పెట్టె మీద రాసి ఉంటుంది, చదివి కొను. వైర్ల బొమ్మ చోక్ మీదే ఉంటుంది. స్టార్టర్, పాత చోక్ రెండూ తీసెయ్యాలి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపాలి. స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్‌కి ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) బదులు న్యూట్రల్ (తిరిగి పోయే తీగ) ఇచ్చినవి బోలెడు చూశాను. స్విచ్ ఆపినా పట్టీలో కరెంటు ఉంటుంది. టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. అలవాటు లేకపోతే వైర్‌మన్‌ని పిలువు.

ఇంకో సంగతి. పక్కింటివాళ్లకీ రాత్రి వోల్టేజీ పడిపోతోందేమో అడుగు. మీ ఒక్కరికే అయితే స్తంభం దగ్గర మీ సర్వీసు వైరు లూజై ఉండొచ్చు. అది లైన్‌మన్ పని, నువ్వు ఎక్కకు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యి.

జవాబు (హైదరాబాద్):
ఇంత తంటా ఎందుకండీ, ఎల్‌ఈడీ వేసేస్తే పోలా? 40 వాట్ల ట్యూబ్ పాత చోక్‌తో కలిపి 50 పైనే తింటుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ వంటింటికి చాలు. పైగా పాదరసం ఉన్న ఈ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2027 నాటికి ఆపాలని, పాదరసం వాడకం తగ్గించడానికి పెట్టుకున్న మినమాటా ఒప్పందం దేశాలు 2023లో జెనీవాలో తీర్మానించాయి.

జవాబు (వరంగల్):
మీరన్నదీ సరైనదే, పట్టీతో సహా మారిస్తే. పాత పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబ్ బిగిస్తే మాత్రం జాగ్రత్త. కొన్నింటికి స్టార్టర్ బదులు దానితో వచ్చే డమ్మీ పెట్టాలి, కొన్నింటికి చోక్ తీసేసి వైర్లు నేరుగా ఇవ్వాలి. కాగితం చదవకుండా బిగించి ట్యూబ్ కాల్చుకున్నవాళ్లు నా దగ్గరికే వస్తారు. తీసిన పాత ట్యూబ్ పగలగొట్టి చెత్తలో వేయొద్దు, లోపల పాదరసం ఉంటుంది.

అడిగినవారు (వారం తర్వాత):
కొత్త ట్యూబ్ చేతిలో ఉంది కాబట్టి ఎలక్ట్రానిక్ చోకే వేయించాను. హోల్డర్ విప్పితే అక్క చెప్పినట్టే జిడ్డు, ఒక రేకు నల్లగా మాడి ఉంది. ఆ హోల్డర్ కూడా మార్పించాం. నిన్న రాత్రి స్టెబిలైజర్ 174 చూపిస్తుండగా స్విచ్ వేస్తే క్షణంలో వెలిగింది. పక్కింట్లోనూ, ఎదురింట్లోనూ వోల్టేజీ ఇలాగే ఉందట. 1912లో ఫిర్యాదు రాయించాం, ఇంకా ఎవరూ రాలేదు. అమ్మ మాత్రం అలవాటు కొద్దీ స్విచ్ వేసి ఇంకా పెరట్లోకే వెళ్తోంది.